వదినా, బుల్లీ, ఓ అద్దె జనరేటరూ

పేరుకి బుల్లి గానీ, మనిషి మాత్రం లాంచీ గది తలుపులోంచి పక్కకి తిరిగి దూరాల్సిందే. పసిపిల్లగా ఉన్నప్పుడు ఎవరో ముద్దుగా పిలిచిన పిలుపు అలా అంటుకుపోయింది. మనిషి పెరిగింది, పేరు పెరగలేదు. ఆవిడ వదిన సన్నగా, పొడుగ్గా, గట్టిగా గాలొస్తే ఎగిరిపోతుందేమో అన్నట్టుండేది. గొంతు మాత్రం రేవు ఈ చివర మాట్లాడితే ఆ చివర వినపడేది.

ఇద్దరూ కలిసి ఆ రేవులో ఓ పాత లాంచీ మీద బేకరీ నడిపేవారు. లాంచీ బుల్లి అన్నయ్యది, అంటే వదిన భర్తది. ఆయన బతికుండగా దాంట్లో సరుకులు తోలేవాడు. ఆయన పోయాక అమ్మేయమని అందరూ చెప్పారు. వదిన వినలేదు.

"దీన్ని కూడా అమ్మేస్తే నేనెక్కడ కూచుని ఏడవాలి?" అంది.

అప్పటికి బుల్లి ఓ పెద్ద బేకరీలో రొట్టెల పని చేస్తోంది. పెళ్లి చేసుకోలేదు. అడిగినవాళ్లకి "తీరిక దొరకలేదు" అని చెప్పేది. అన్నయ్య పోయిన కొన్నాళ్లకి ఒక బట్టల సంచీ, చంకలో ఓ పెద్ద పిండి గిన్నె పట్టుకుని లాంచీ ఎక్కింది.

"ఏడిస్తే ఏడువు వదినా, నేనొద్దన్నానా? ఉత్త చేతులతో ఎందుకు, ఈ పిండి జల్లిస్తూ ఏడువు" అంది.

అలా మొదలైంది. సరుకులు పెట్టే గదిలోకి గ్యాస్ ఓవెన్ వచ్చింది, పిండి కలిపే మిషను వచ్చింది, వెన్న కోసం ఓ ఫ్రిజ్ వచ్చింది. తెల్లవారేసరికి రేవంతా రొట్టె వాసన. బుల్లి కాలుస్తుంది, వదిన గంపలో పెట్టుకుని పడవల వెంటా, ఒడ్డు మీది ఇళ్ల వెంటా అమ్ముకొస్తుంది. రోజులో నాలుగుసార్లు పోట్లాడుకునేవారు. ఐదోసారి మొదలయ్యేలోపు ఎవరో ఒకరు టీ పెట్టేవారు.

లాంచీకి కరెంటు జెట్టీ మీదనుంచి వచ్చేది. చెక్కల గట్టు మీద వరసగా ఇనప పెట్టెలుంటాయి. ఒక్కో పడవకీ ఒక్కో పెట్టె. పెట్టెలోంచి లావుపాటి కేబుల్ ఒకటి లాంచీ పక్కనున్న సాకెట్‌లోకి వచ్చి, అక్కణ్ణుంచి లోపలికంతా వెళ్లేది. ఆ పెట్టెలూ, వాటికి కరెంటు తెచ్చే స్తంభాలూ చూసుకునే మనిషిని అందరూ కరెంటాయన అనేవారు. యాభై ఏళ్లుంటాయి. మాట తక్కువ. పొద్దున్నే వచ్చి ఒక తీపి బన్ను కొనుక్కుని, జెట్టీ అంచున నిలబడి, నదివైపు చూస్తూ మెల్లగా తినేవాడు.

"ఆయన నన్ను అక్కా అంటాడు. నిన్ను మాత్రం ఏమీ అనడు. గమనించావా?" అంది వదిన ఒకరోజు.

"నాతో పనేముంటుంది, బన్నుతో పని" అంది బుల్లి, పిండి మీంచి తలెత్తకుండా.

"వరసకి నాకు తమ్ముడైతే నీకేమవుతాడో కాస్త లెక్క చూసుకో పిల్లా!"

బుల్లి పిండి ముద్దని బల్లమీద ఓ బాదు బాదింది. లాంచీ ఊగింది.

ఆ ఏడు వానలు బలంగా పడ్డాయి. ఓ సాయంత్రం పిడుగు పడి రేవు ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది, రెండు స్తంభాలు ఒరిగిపోయాయి. కొత్తది రావడానికి వారం పట్టొచ్చని కరెంటాయన ప్రతి పడవకీ వచ్చి చెప్పి వెళ్లాడు. ఫ్రిజ్‌లో వెన్న కరిగింది. మిషను ఆగిపోయింది. బుల్లి చేత్తోనే పిండి కలపడం మొదలుపెట్టింది. అంత పిండి అన్ని రోజులు చేత్తో పిసకడమంటే మాటలు కాదు. రెండోరోజు సాయంత్రానికి భుజాలు పైకి లేవలేదు. జుట్టు ముడేసుకోడానికి చెయ్యెత్తబోయి, "అమ్మా" అని దించేసింది. వదిన వచ్చి వెనక కూచుని జడ అల్లింది. ఆ జడ అల్లుతున్నంతసేపూ ఆవిడ ఏదో ఆలోచిస్తూనే ఉంది.

మర్నాడు పొద్దున్న వాన ముసురులో ఓ తోపుడుబండి జెట్టీ దగ్గర ఆగింది. బండి మీద ఓ జనరేటరు. పక్కన తడిసిన కోడిలా వదిన.

"అద్దెకి తెచ్చా. టెంట్లూ లైట్లూ ఇస్తాడే, ఆయన దగ్గర. ఇదిగో వైరు కూడా ఇచ్చాడు. రెండు పక్కలా ప్లగ్గే. ఒకటి దీనికి గుచ్చి, రెండోది లోపల మన గోడ సాకెట్‌లో గుచ్చితే చాలట, లాంచీ అంతా వెలిగిపోతుందట!"

బుల్లి ఆ వైరుని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. ఒక చివర జనరేటర్‌లో ఉంటే రెండో చివర ప్లగ్గు మొలలు ఉత్తగా పైకి కనబడుతూ ఉంటాయి. చెయ్యి తగిలితే అంతే సంగతులు. అప్పుడే ఆవిడకి ఇంకో సంగతి తట్టింది.

"వదినా, మన కేబుల్ ఇంకా జెట్టీ పెట్టెకే తగిలించి ఉంది కదా?"

"ఉంటే?"

"పెట్టెలోంచి మన గోడ సాకెట్‌కి కరెంటు వచ్చిన దారే కదా ఇది. మనం గోడ సాకెట్‌లో పోస్తే అదే దారిన వెనక్కి పోదూ? జెట్టీ పెట్టెలోకి, అక్కణ్ణుంచి స్తంభం మీదికి."

ఇద్దరూ ఒకేసారి కిటికీలోంచి బయటికి చూశారు. నడుముకి తోలు పట్టీ కట్టుకుని కరెంటాయన ఒరిగిన స్తంభం పక్కన నిచ్చెన ఎక్కుతున్నాడు.

వదిన మొహం పాలిపోయింది. బుల్లి ఆ వైరు చుట్టచుట్టి బండివాడి చేతిలో పెట్టేసింది. జెట్టీ మీదికి దిగి, లాంచీ కేబుల్ చివర ఇనప పెట్టెలోంచి పీకేసి, దాన్నే తెచ్చి జనరేటర్‌కి తగిలించింది. ఇప్పుడు లాంచీకి జెట్టీతో ఏ సంబంధమూ లేదు. అంతవరకు పని బాగానే జరిగింది.

జనరేటర్‌ని ఎక్కడ పెట్టాలన్న దగ్గరే ఇద్దరూ పొరపాటు పడ్డారు. బయట వాన. మిషను తడిస్తే ఎలా? అందుకని బండివాడి సాయంతో దాన్ని లాంచీ వెనక భాగంలో, గది తలుపు పక్కనే పెట్టారు. చుట్టూ టార్పాలిన్ పట్టా కట్టారు. జనరేటరు మొదలవగానే చెవులు చిల్లులు పడే మోత. మోత భరించలేక బుల్లి కిటికీలన్నీ మూసేసింది. పిండి మిషను గిర్రున తిరిగింది. ఫ్రిజ్ గుర్రుమంది. వదిన చప్పట్లు కొట్టింది.

"చూశావా! ఇక నీ భుజాలకి సెలవు."

"నీ బుర్ర పాదరసం వదినా" అంది బుల్లి నవ్వుతూ. ఆ వైరు సంగతి ఎత్తలేదు.

మొదటి వాయి రొట్టెలు వచ్చేసరికి ఇద్దరికీ తల నొప్పెడుతోంది. జనరేటర్ మోత వల్లే అనుకున్నారు. బుల్లికి కడుపులో తిప్పింది. "పొద్దున్నే ఏమీ తినకుండా పిండిలో పడ్డావ్, అందుకే" అని వదిన కోప్పడి, గంప నెత్తికెత్తుకుని గొడుగేసుకుని ఒడ్డుకి బయల్దేరింది. పొగ వాసన అంతగా తెలియలేదు. ఆ గదిలో రొట్టె వాసన ముందు ఏ వాసనా నిలబడదు.

ఒడ్డు మీద నాలుగిళ్లు తిరిగింది. ఐదో ఇంటి మెట్లెక్కుతూ ఆగింది. తలనొప్పి పోయింది. పోవడమంటే, ఎవరో చేత్తో తీసేసినట్టు పోయింది. వానగాలికి హాయిగా ఉంది. ఇదేమిటి, లోపలుంటే నొప్పి, బయటికొస్తే లేదు? అనుకుంది. బుల్లి గుర్తొచ్చింది. పొద్దుట్నుంచీ ఆ గదిలోంచి కదలని బుల్లి, "వాంతొచ్చేలా ఉంది వదినా" అంటూ బల్ల పట్టుకుని నిలబడ్డ బుల్లి.

గంపని ఆ మెట్ల మీదే వదిలేసి వెనక్కి పరుగెత్తింది.

"బుల్లీ!" అని జెట్టీ మొదట్లోంచే కేక పెట్టింది. జవాబు లేదు. జనరేటర్ మోగుతూనే ఉంది. ముందు టార్పాలిన్ పట్టా తాళ్లు లాగేసి జనరేటర్ ఆపేసింది. తలుపు బార్లా తీసింది. బుల్లి ఓవెన్ పక్కన నేలమీద గోడకి చేరబడి కూచుని ఉంది. కళ్లు సగం మూతలు పడ్డాయి. మనిషి ఇక్కడున్నట్టే ఉంది గానీ, ఇక్కడ లేదు.

వదిన ఊపిరి బిగబట్టి లోపలికెళ్లి ఓవెన్ కట్టేసి కిటికీలు తోసింది. బుల్లి చంకల్లో చేతులు పెట్టి ఎత్తబోయింది. కదల్లేదు. మళ్లీ ఎత్తింది. ఊహూఁ. బయటికెళ్లి ఊపిరి పీల్చుకుని, ఆ టార్పాలిన్ పట్టానే లోపలికి లాక్కొచ్చి, బుల్లిని దాని మీదికి దొర్లించింది. నేల మీదంతా మైదా. రెండు చేతులా పట్టా అంచు పట్టుకుని, కాళ్లు గడపకి తన్నిపెట్టి లాగింది. పట్టా జారింది. జానెడు. మరో జానెడు.

"తమ్ముడూ! ఇటు రా! తమ్ముడూ!"

ఆ గొంతు స్తంభం మీదున్న మనిషికి వినపడకపోవడమన్న ప్రశ్నే లేదు. కరెంటాయన నిచ్చెన మెట్లు రెండేసి చొప్పున దిగి, జెట్టీ మీద పరుగెత్తి లాంచీలోకి దూకాడు. ఇద్దరూ కలిసి బుల్లిని పట్టాతో సహా బయటికి లాగి, జెట్టీ చెక్కల మీద వానలో పడుకోబెట్టారు. మొహం మీద చినుకులు పడుతుంటే బుల్లి కళ్లు తెరిచింది. నాలుక తిరగట్లేదు.

"బన్నులు... మాడిపోతాయ్... తియ్యి వదినా."

వదిన ఆవిడ మొహాన్ని గుండెకి హత్తుకుని, నవ్వుతోందో ఏడుస్తోందో తెలియకుండా, "మాడనీ! రేవంతా మాడిపోనీ!" అంది.

ఆసుపత్రిలో బుల్లికి మూతికి ఆక్సిజన్ తొడుగు పెట్టి పడుకోబెట్టారు. డాక్టరమ్మ వదినని పక్కకి పిలిచి చెప్పింది. జనరేటర్ పొగలో కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు ఉంటుందట. దానికి రంగూ లేదు, వాసనా లేదు. పొగ కనబడకపోయినా అది ఉంటుంది. మూసిన గదిలోకి చేరితే తలనొప్పిగా మొదలై, మత్తుగా కమ్మి, నిద్రలోనే మనిషిని తీసుకుపోతుంది. "మీరింకాస్త ఆలస్యంగా వచ్చుంటే..." అని డాక్టరమ్మ ఆగిపోయింది. అసలు మాట పూర్తి చెయ్యకపోవడమే మంచిదైంది. తర్వాత వదిన రక్తం కూడా పరీక్ష చేసి, ఫరవాలేదంది.

వదిన మంచం పక్కన స్టూలు మీద కూచుంది. ఎప్పుడూ ఏదో ఒకటి వాగే మనిషి, ఒక్క మాట లేదు. బుల్లి తొడుగు కాస్త పక్కకి జరిపి, "ఏంటి, నోరు పడిపోయిందా?" అంది.

"మీ అన్నయ్య పోయినప్పుడు నువ్వొచ్చావు. నువ్వు పోతే నాకెవరొస్తారే?"

"నేనెక్కడికి పోతా? పోవాలన్నా ఆ తలుపులో పట్టొద్దూ?"

"తొడుగు పెట్టుకో ముందు!" అని కసిరి, వదిన కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది.

కరెంటాయన వరండాలో బల్ల మీద కూచుని ఉన్నాడు. నడుముకి ఆ తోలు పట్టీ ఇంకా అలాగే ఉంది. వదిన బయటికొస్తే లేచి నిలబడ్డాడు.

"అక్కా, మీ కేబుల్ జెట్టీ పెట్టెలోంచి తీసేసి ఉంది. ఎవరు తీశారు?"

"బుల్లి. అది చెప్పకపోతే నేను రెండు ప్లగ్గుల వైరు గోడలో గుచ్చేదాన్ని. కరెంటు నీ స్తంభం మీదికి పోతుందంది."

ఆయన నడుముకున్న తోలు పట్టీని ఓసారి తడుముకున్నాడు.

"వచ్చిన కరెంటుని నేలలోకి దింపేసే ఎర్త్ గొలుసు తీగలకి తగిలించకుండా నేను పని మొదలుపెట్టను. కానీ అప్పుడింకా ఎక్కుతున్నా. గొలుసు చేతిలోనే ఉంది" అని, మళ్లీ కూచున్నాడు. ఆ సాయంత్రం దాకా అక్కణ్ణుంచి కదల్లేదు.

బుల్లి ఆసుపత్రి నుంచి లాంచీకి తిరిగొచ్చిన రెండోరోజు ఆయన పనిముట్ల సంచీతో వచ్చాడు. ఎవరూ పిలవలేదు. ముందు జనరేటర్‌ని లాంచీ మీంచి దింపించి, జెట్టీ అవతలి కొసకి తీసుకెళ్లాడు. గాలి ఎటు వీస్తోందో చూసి, పొగ ఏ పడవ వైపూ రాకుండా నది మీదికి పోయేలా తిప్పి పెట్టాడు. దాని మీద నాలుగు కర్రలతో ఓ చిన్న రేకు పందిరి వేశాడు, నాలుగు పక్కలా ఖాళీ వదిలి. అక్కణ్ణుంచి లాంచీ దాకా మూడు తీగల లావు కేబుల్ తెచ్చి, నీళ్లకి తగలకుండా గుంజలకి కొక్కేలు కొట్టి వేలాడదీశాడు.

"అంత దూరమా? మోత కూడా వినపడట్లేదు" అంది వదిన.

"వినపడకపోతేనే మంచిదక్కా."

తర్వాత లాంచీ లోపల గోడకి ఓ పెట్టె బిగించాడు. దానికి ఓ పిడి. పైకి తిప్పితే జెట్టీ కరెంటు, కిందికి తిప్పితే జనరేటరు. "రెండూ ఒకేసారి కలవవు. కలపాలనుకున్నా కుదరదు. ఇక మీ చేతిలో పొరపాటే ఉండదు" అన్నాడు. ఆ మాట వదినతో అన్నాడు గానీ చూపు బుల్లి మీదుంది.

బుల్లి మంచం మీద దిళ్లకి ఆనుకుని అన్నీ గమనిస్తోంది. "మరి మాకు ట్రిప్ స్విచ్ ఉంది కదా? షాక్ కొట్టేలోపు అదే పడిపోతుందని మా అన్నయ్య చెప్పేవాడు" అంది.

ఆయన మొహం వెలిగింది. ఇలాంటి ప్రశ్న అడిగినవాళ్లు ఆయనకి ఎన్నాళ్లకో దొరికారు కాబోలు.

"జెట్టీ కరెంటుతో అయితే పడిపోతుంది. ఈ జనరేటర్‌లో న్యూట్రల్, అంటే కరెంటు తిరిగొచ్చే తీగ, ఎర్త్‌కి కట్టి లేదు, గాల్లో ఉంది. కరెంటు లీకయినా ఆ స్విచ్‌కి తెలియదు. పడవంటే చుట్టూ నీళ్లు, మీ చేతులు తడి. అందుకని న్యూట్రల్‌నీ ఎర్త్‌నీ జనరేటర్ దగ్గరే కలిపి వచ్చాను. ఇప్పుడు చూడండి" అని, కావాలనే కాస్త కరెంటుని ఎర్త్‌లోకి లీక్ చేసే ఓ పరీక్ష ప్లగ్గుని సాకెట్‌లో గుచ్చి దాని బొత్తాం నొక్కాడు. టప్‌మని స్విచ్ పడిపోయింది. ఏదో గారడీ చేసి చూపించిన పిల్లాడిలా ఇద్దరి వంకా చూశాడు.

పెట్రోలు డబ్బా లాంచీ అడుగున పెట్టుంటే దాన్ని బయటికి తీయించాడు. పెట్రోలు ఆవిరి బరువు, పడవ అడుగుకి దిగి కూచుంటుంది, ఒక్క నిప్పురవ్వ చాలన్నాడు. జనరేటర్ ఆపి, చల్లారాకే పెట్రోలు పోయాలన్నాడు. పిండి మిషనూ ఫ్రిజ్జూ ఒకేసారి వెయ్యొద్దు, ఒకటి నడక అందుకున్నాక రెండోది వెయ్యమన్నాడు. చివరికి జేబులోంచి అరచేతిలో పట్టే ఓ తెల్ల బిళ్ల తీసి, మంచం తలవైపు గోడకి తగిలించాడు. ఆ విషవాయువు గదిలోకి వస్తే అది అరుస్తుందట.

"మా వదిన కంటే గట్టిగానా?" అంది బుల్లి.

ఆయన మొదటిసారి పైకి నవ్వాడు. "అంత గట్టిగా ఎక్కడ దొరుకుతాయండీ" అన్నాడు.

వదిన ఆ "అండీ"ని పట్టుకుని, ఆయన వెళ్లాక సాయంత్రం దాకా బుల్లిని వదల్లేదు.

కొత్త ట్రాన్స్‌ఫార్మర్ వచ్చింది. పిడి పైకి తిప్పేశారు. కరెంటాయనకి లాంచీలో ఇక పనేమీ లేదు. అయినా కేబుల్ చూడాలని ఓసారి, బిళ్ల పరీక్షించాలని మరోసారి వచ్చేవాడు. మిగతా పడవలవాళ్లు తమ లాంచీల్లో కూడా ఆ పిడి పెట్టె బిగించమని అడిగితే, బుల్లి వెంట వెళ్లేది. జనరేటర్ని గదిలో పెట్టుకున్నవాళ్లని ఆవిడ తిట్టేది, ఆయన వైర్లు సర్దేవాడు. జోడీ బాగా కుదిరిందని రేవంతా అనుకుంది.

ఓ మధ్యాహ్నం ఆయన బన్ను కాగితం మడతపెట్టి, "అక్కా, మీతో ఓ మాట" అన్నాడు. విషయం అర్థమై వదినకి సంతోషం పొంగింది. ఆ వెనకే గుండెలో ఏదో కలుక్కుమంది. ఆ రోజంతా ముభావంగా తిరిగింది. బుల్లి చూసి చూసి, చేతిలో పిండి అలాగే ఉండగా వచ్చి ఎదురుగా నిలబడింది.

"ఆయన వచ్చి అడిగాడు, సరే. నేను వెళ్లిపోతున్నానని నీకెవరు చెప్పారు?"

"పెళ్లయ్యాక వెళ్లకుండా ఎవరుంటారే?"

"నేనుంటా. ఆయనకి ముందే చెప్పేశా. ఈ ఓవెన్ నాది, ఈ వదిన నాది, ఇష్టమైతే రమ్మన్నా."

"ఏమన్నాడు?"

"రెండూ నాకిష్టమే అన్నాడు."

వదిన ఆవిడ పిండి చేతుల్ని అలాగే పట్టుకుని ఊపేసింది. చీరంతా తెల్లగా అయింది.

పెళ్లి క్లుప్తంగా, రిజిస్ట్రారు ఆఫీసులో సంతకాలతో అయిపోయింది. అందరికీ రొట్టెలు పంచారు. తీరా కొత్త పెళ్లికొడుకు లాంచీలో కాపురం పెట్టిన వారంలోనే తేలిందేమిటంటే, ఎంత ఎత్తు స్తంభమైనా కళ్లు మూసుకుని ఎక్కే ఆ మనిషికి, పడుకుంటే పడవ ఊగుడు పడదు. తిన్నది నిలవదు. పొద్దునకల్లా కళ్లు పీక్కుపోయి కూచునేవాడు, అయినా నోరు విప్పి ఒక్క మాట అనలేదు. చివరికి వదినే జెట్టీ ఎదురుగా తాళ్ల కొట్టు మీద ఓ గది ఖాళీగా ఉంటే మాట్లాడేసి, ఇద్దరి దుప్పట్లూ చుట్టి చేతికిచ్చింది.

"పొండి, నేల మీద పడుకోండి ఇద్దరూ. మా తమ్ముడు చిక్కి సగమైపోయాడు."

"ఒక్కదానివే ఉండగలవా వదినా?"

"కిటికీ తీస్తే మీ దీపం కనబడుతుంది. ఇంకేం కావాలి?"

రోజూ చీకటితో బుల్లి జెట్టీ దాటి వస్తుంది. కాలు పెట్టగానే లాంచీ ఓ పక్కకి ఒరుగుతుంది. దుప్పటి కింద నిద్రలోనే వదిన ఆ ఒరుగుడు పోల్చుకుని, పక్కకి తిరిగి, ఇంకాసేపు హాయిగా పడుకుంటుంది.